సగం మోతాదు

మా పిన్నిని బైండింగ్ షాపులో అందరూ దబ్బనం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా నాన్న. సన్నగా, నిటారుగా, మాట పదునుగా ఉంటుందని మరదల్ని ఆటపట్టించడానికి అన్న మాట ఎలాగో షాపు దాకా పాకిపోయింది. ఆవిడ పనిముట్టు కూడా అదే. అచ్చయి వచ్చిన ఫారాలు, అంటే పదహారేసి పేజీల పెద్ద కాగితాలు, మడిచి, వరసగా పేర్చి, వెన్ను దగ్గర దబ్బనంతో పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టేది. ఇరవై ఆరేళ్ళు అదే బల్ల, అదే కిటికీ. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీల్లో అట్టలూడిన పుస్తకాలు, కోర్టు కాగితాల కట్టలు అన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళేవి. ఒక ఫారం తలకిందులైతే మిగతావాళ్ళకి పుస్తకమంతా పూర్తయ్యాక తెలిసేది. ఆవిడకి మాత్రం కుడుతుండగానే వేళ్ళకి తెలిసిపోయేది.

పిన్ని పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "ముడి వేశాక విప్పడానికి దారం తెంపాలి. నాకు దారం తెంపడం ఇష్టం ఉండదు" అని నవ్వేసేది. ఆవిడకి ఉన్నదల్లా మా అమ్మ. ఇద్దరికీ ఎనిమిదేళ్ళ తేడా. అక్క ఏది చెబితే అది, ఎలా చెబితే అలా. షాపులోనూ అంతే, ఆర్డరు కాగితం మీద ఏం రాసి ఉంటే అది. రాసినదానికి తిరుగులేదనుకునే మనిషి.

ఎనిమిదేళ్ళ కిందట అమ్మకి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టింది. ఆపరేషన్‌తో పోయిందనుకున్న జబ్బు మూడేళ్ళకి కాలేయంలో కనిపించింది. పూర్తిగా తగ్గేది కాదు, కానీ మాత్రలతో రెండు మూడేళ్ళు నెట్టుకురావచ్చు, ఇంట్లోనే ఉండి వేసుకోవచ్చు అన్నారు డాక్టరు. ఇంట్లోనే అన్న మాటకి అమ్మ ముఖం విప్పారింది. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు మాత్రలు, పద్నాలుగు రోజులు. తర్వాత ఒక వారం విరామం. లేత నారింజ రంగులో, పొడుగ్గా ఉండేవి.

పిన్ని షాపులో సెలవు పెట్టి, చేతిసంచిలో నాలుగు జతల బట్టలతో మా ఇంటికొచ్చేసింది. నాన్నకి నీళ్ళ పంపుల స్టేషన్లో షిఫ్టు డ్యూటీ. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, కాలేజీ. అందుకని మాత్రల పూచీ అంతా పిన్ని నెత్తిన వేసుకుంది. ఆవిడ తెచ్చిన అట్టముక్క మీద నేను పద్నాలుగు రోజులకీ గళ్ళు గీసి మంచం పక్కన గోడకి తగిలించాను. మాత్ర మింగిన ప్రతిసారీ గడిలో టిక్కు పెట్టడం నా వంతు.

నాలుగో రోజుకల్లా అమ్మ నోరు పొక్కింది. ఆరో రోజుకి పెదవులు చీలి రక్తం. రోజుకి పదిసార్లు విరేచనాలు. పిన్ని ఆస్పత్రికి ఫోన్ చేసింది. "నోటిపూత మామూలేనమ్మా, మందు పనిచేస్తోందన్నమాట. బుధవారం ఎలాగూ తీసుకొస్తారుగా," అంది అవతలి గొంతు. వాళ్ళిచ్చిన కాగితం మీద మొదటి వరసలో పెద్ద అక్షరాల్లో ఉంది: మాత్రలు ఒక్కపూట కూడా మానకూడదు.

ఎనిమిదో రోజు సాయంత్రం నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. అమ్మ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది. పిన్ని మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో అమ్మ గడ్డం పట్టుకుంది.

"ఒక్కటి అక్కా. ఈ ఒక్కటీ మింగు. ఇంకెంత, ఆరు రోజులు."

అమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. నాలుగు మాత్రలకీ ముప్పావు గంట పట్టింది. నాలుగూ మింగాక నేను టిక్కు పెట్టాను.

పదో రోజు రాత్రి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. రక్తంలో తెల్లకణాలు దాదాపు లేనే లేవన్నారు. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మ పోయింది. జబ్బు మేమనుకున్నదానికంటే ముదిరిపోయిందన్నారు. మేం నమ్మాం. నమ్మకపోవడానికి మాకేం తెలుసు గనక.

పిన్ని తన అద్దె గదికి తిరిగి వెళ్ళలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ ఎవరూ అనలేదు. మధ్యగదిలో, అమ్మ పడుకున్న మంచం మీదే పడుకునేది. ఆ గదికి ఒకటే కిటికీ. తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. మధ్యాహ్నం పన్నెండింటికైనా లైటు వేసుకోవాల్సిందే. "ఆ గదిలో గాలాడదు, ముందుగదిలో పడుకోమ్మా," అని నాన్న రెండుమూడుసార్లు చెప్పాడు. "నాకలవాటే బావా," అనేది. పొద్దున్నే షాపుకి, సాయంత్రం ఇంటికి, రాగానే వంట. నవ్వేది, జోకులు వేసేది, కానీ అమ్మ మాట వస్తే మాత్రం లేచి ఏదో ఒక పని మీద పక్కకి వెళ్ళిపోయేది. దిగులు అనుకున్నాం.

అలా నాలుగేళ్ళు గడిచాక పిన్నికి పెద్దపేగులో గడ్డ బయటపడింది. అప్పటికి ఆవిడకి నలభై ఏడు. ఆపరేషన్ బాగానే అయింది. గడ్డ మొత్తం తీసేశారు. కానీ చుట్టూ ఉన్న గ్రంథుల్లో రెండింట్లో జబ్బు ఆనవాళ్ళున్నాయి.

"ఇది తగ్గే జబ్బు," అన్నారు డాక్టరమ్మ. "కానీ మిగిలిపోయిన కణాలు ఎక్కడైనా ఉంటే చంపెయ్యాలి. ఆరు నెలలు కీమో తీసుకోండి. ఆపరేషనైన ఎనిమిది వారాల్లోపు మొదలుపెడితే మంచిది. ఆలస్యం చేసేకొద్దీ ఫలితం తగ్గుతుంది." మాత్రలు రాసిచ్చారు. ఒంటికి ఇవే సుఖం, చేతికి సూదులు అక్కర్లేదన్నారు.

కోలుకోవడానికి నెల పట్టింది. ఐదో వారంలో మందులు తెచ్చుకున్నాం. ఇంటికొచ్చాక పిన్ని డబ్బా విప్పి మాత్రల రేకు ఒకటి బల్ల మీద పెట్టింది. వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకి తిప్పింది.

"అవే," అంది.

నాకు మొదట అర్థం కాలేదు. రంగు చూశాక అర్థమైంది.

ఆ రోజు నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. పిన్ని మాత్రలు ముట్టదు. ఎందుకు ముట్టవంటే చెప్పదు. నాన్నకి మొదట జాలి, తర్వాత విసుగు.

"చూడమ్మా, మీ అక్కది తగ్గని జబ్బు. నీది తగ్గేది. రెండూ ఒకటేనా?" అన్నాడొక సాయంత్రం.

"కాదు బావా."

"మరి?"

"వేసుకుంటాలే."

"ఎప్పుడు? డాక్టరు పెట్టిన గడువు అయిపోయాకా?"

నేను బతిమాలాను, అలిగాను, ఒకరోజు కోపంలో "నన్ను కూడా వదిలేసి పోదామనుందా?" అనేశాను. ఆవిడ నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. చెప్పడానికి ఏదో ఉందని మాత్రం తెలిసింది. కక్కలేక మింగలేక అలా చూసింది. షాపుకి సెలవు కాబట్టి పొద్దంతా ఆ మధ్యగదిలోనే కూర్చునేది. గోడ వైపున్న కిటికీ తెరిచేది, మూసేది. నాన్న డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగేవాడు, నేను పనికి వెళ్తూ ఆగేదాన్ని. ఇద్దరం ఒకే ప్రశ్న. మేమిద్దరం కాపలావాళ్ళలా తయారయ్యాం, ఆవిడ చుట్టూ.

ఆరోవారం చివర్లో ఒకరోజు నేను పనినుంచి వచ్చేసరికి మాత్రల డబ్బా లేదు. మొదలుపెట్టిందేమో అని నా మనసు కాస్త కుదుటపడింది. పిన్ని చెప్పింది: "మొదలుపెట్టలేదు. ఏదో రక్తపరీక్ష ఉందట. అది వచ్చేదాకా ఆగమన్నారు."

నాన్న తువ్వాలు భుజాన పడేసుకుని, "ఇన్ని పరీక్షలు చేసినవాళ్ళకి ఇంకో పరీక్ష ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నాడు. వంక అనుకున్నాడు. చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

నిజంగా జరిగిందేమిటో నాకు చాలా రోజుల తర్వాత, ఆస్పత్రి మందుల కౌంటర్లో ఉండే ఆయన చెబితే తెలిసింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంది, అందరూ మందుల సారు అంటారు. ఆరోజు పిన్ని వరసలో నిలబడి, తన వంతు వచ్చాక డబ్బా కిటికీలోంచి లోపలికి తోసిందట.

"ఇవి వెనక్కి తీసుకోండి."

"ఒకసారి ఇచ్చిన మందు వెనక్కి తీసుకోకూడదమ్మా. ఏమైంది, పడలేదా?"

"వేసుకోలేదు. వేసుకోను. ఇంట్లో ఉంటే వాళ్ళు వేసుకోమంటారు. పారేద్దామంటే చెయ్యి రావట్లేదు. అందుకే మీకే ఇస్తున్నా."

వెనకున్నవాళ్ళు గొణుగుతున్నారు. ఆయన పక్కమనిషిని కూర్చోబెట్టి, తలుపు తీసుకుని బయటికొచ్చి, పిన్నిని గోడ వారన ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఎందుకు వేసుకోరని అడిగాడు. నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆవిడ ఆ ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పింది. అక్క ఇవే మాత్రలు వేసుకుంది, పందొమ్మిది రోజుల్లో పోయింది, వేసింది నేనే అని.

ఆయన ఓదార్చలేదట. ప్రశ్నలడిగాడు. నోరు ఎన్నో రోజున పూసింది? విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయి? తెల్లకణాలు పడిపోయాయన్నారా? పిన్నికి ప్రతిరోజూ కంఠతా వచ్చు. నాలుగో రోజు, ఐదో రోజు, పదో రోజు అని వరసగా చెప్పింది. ఆయన అన్నీ కాగితం మీద రాసుకున్నాడట.

తర్వాత ఇలా చెప్పాడట: "ఈ మందు ఒంట్లోకి వెళ్ళాక, పని చేసింది పోగా మిగిలిందాన్ని విరిచి బయటికి పంపే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుందమ్మా. కొద్దిమందికి అది పుట్టుకతోనే తక్కువ. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, ఆ జన్యువు మనకి రెండు కాపీలు వస్తాయి. ఒకటి పాడైతే సగం పనే జరుగుతుంది. రెండూ పాడైతే అసలు జరగదు. అప్పుడు మందు బయటికి పోక లోపలే పేరుకుంటుంది. అందరికీ మందయ్యేది వాళ్ళకి విషం. రక్తం తీసి చూస్తే ముందే తెలుస్తుంది. మీరు అక్కాచెల్లెళ్ళు కాబట్టి మీకు చూడాలి."

"అక్కకి ఎందుకు చూడలేదు?"

"కొన్నిచోట్ల అందరికీ చూస్తారు. ఇక్కడ ఎవరైనా అడిగితే పంపుతారు. అడగాలని తెలిసినవాళ్ళు తక్కువ."

ఆయనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్క సంగతి నాకెందుకు చెప్పలేదని ఆవిడ అడిగారట. జబ్బు పేరు అడిగారు, ఎలా పోయిందో అడగలేదు కదా అంది పిన్ని. డాక్టరమ్మ వెంటనే చీటీ రాశారు. రక్తం వేరే ఊరి లాబ్‌కి వెళ్ళాలి, పదకొండు రోజులు పడుతుందన్నారు.

ఆ పదకొండు రోజులూ పిన్ని ఎలా గడిపిందో నాకు తెలుసు, చూశాను కాబట్టి. ఎందుకో మాత్రం అప్పుడు తెలియదు. పేరుకుపోయిన పాత పుస్తకాలన్నీ ముందేసుకుని అట్టలు విప్పేది, మళ్ళీ కట్టేది. నా పెద్ద నిఘంటువు వెన్ను ఊడిపోయి ఏళ్ళు గడిచాయి, దానికి కూడా కొత్త అట్ట వేస్తానని తీసుకుంది. అన్నం ముందు కూర్చుని కలిపి కలిపి వదిలేసేది. ఫలితంలో ఏమీ లేదని వస్తే మాత్రలు వేసుకోవాలి, అక్క నోరు కళ్ళముందు పెట్టుకుని. ఉందని వస్తే తను బతుకుతుంది, కానీ అక్క ఎలా పోయిందో తేలిపోతుంది. ఏది రావాలని కోరుకోవాలో తెలియలేదని తర్వాత నాతో అంది.

ఫలితం తెచ్చుకోవడానికి ఒక్కతే వెళ్ళింది. వచ్చి, చెప్పులు విడుస్తూనే, "రేపట్నుంచి వేసుకుంటున్నా. సగం మోతాదు," అంది.

"సగమెందుకు?" అన్నాడు నాన్న.

"నా ఒంటికి అంతే చాలట."

"మాత్రల దగ్గర కూడా బేరమాడొచ్చావా దబ్బనం?" అన్నాడు నాన్న. ఎన్నో రోజుల తర్వాత పిన్నిని ఆ పేరుతో పిలిచాడు, నవ్వించాలని. కానీ గొంతులో నవ్వు లేదు. పిన్ని ఒప్పుకుంటున్నట్టు చిన్నగా నవ్వింది. అవును బావా, బేరమాడాను అంది. మేమిద్దరం అదే నిజమనుకున్నాం. భయపడి సగం తగ్గించుకుందనీ, రేపు జబ్బు తిరగబెడితే ఏం చెయ్యాలనీ వంటింట్లో గుసగుసలాడుకున్నాం. పక్కగదిలో ఆవిడకి వినపడకుండా ఉంటుందా.

మొదటి విడతలో పిన్నికి వికారం, నీరసం, కాస్త నోరు మంట. అంతే. ప్రతివారం రక్తం చూశారు, కణాలు నిలబడ్డాయి. పందొమ్మిదో రోజున పిన్ని పొద్దున గదిలోంచి బయటికి రాలేదు. నేను భయపడి తలుపు తోశాను. మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. జ్వరమా అని నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

"నాకేం కాలేదు అమ్మడూ," అంది. "ఏమీ కాలేదు. అదే." ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. బాగున్నందుకు మనిషి అలా కుమిలిపోవడం నేనెక్కడా చూడలేదు.

మూడో విడతకల్లా, ఒంటికి పడుతోందని మోతాదు కొంచెం పెంచారు. అరిచేతులు, అరికాళ్ళు ఎర్రబడి చర్మం పగిలింది. వేళ్ళ చివర్లు నునుపై గీతలు కూడా కనిపించేవి కావు. నడవడం కష్టమై, మాత్రలు తెమ్మని నన్ను పంపింది. అంతకుముందు ఒక్కసారీ పంపలేదు.

కౌంటర్లో మందుల సారు చీటీ చూసి, కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు.

"మీరు ఆవిడ అక్కగారి అమ్మాయా?"

"అవునండీ."

"మీ పరీక్ష అయిందా? ఏమొచ్చింది?"

"నాకేం పరీక్ష?"

ఆయన కళ్ళజోడు తీశాడు. "ఇంట్లోవాళ్ళకి చూపించమని డాక్టరుగారు ఒక ఉత్తరం ఇచ్చారు. రెండు నెలలైంది. మీకు చెప్పలేదా?" అన్నాడు. పిన్ని చెప్పలేదని నేనంటే నొచ్చుకున్నాడు, తొందరపడ్డానేమో అన్నాడు. కానీ నేను వదల్లేదు. బెంచీ మీద కూర్చోబెట్టి, పిన్ని మాత్రలు తిరిగివ్వడానికి వచ్చిన రోజు సంగతంతా చెప్పాడు. అదే బెంచీ అనుకుంటా.

ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. పిన్ని మంచం మీద కాళ్ళకి మలాము రాసుకుంటోంది.

"ఉత్తరమేదీ?" అన్నాను.

ఏ ఉత్తరమని అడగలేదు. మలాము మూత బిగించి, లేచి, అలమారులోంచి నా నిఘంటువు తీసింది. కొత్త అట్ట, ముదురు నీలం గుడ్డ, ఎంత బాగా కుదిరిందో. కత్తితో వెనకట్ట లోపలి కాగితం అంచు కోసి, మెల్లగా పైకి లేపింది. అట్టకీ కాగితానికీ మధ్య నాలుగు మడతల ఉత్తరం.

"నీకిద్దామనే పెట్టా," అంది. "ఎప్పుడో ఒకనాడు అట్ట ఊడుతుంది కదా. అప్పటికి నేనుండను."

"నువ్వేసిన అట్ట ఎన్నాళ్ళకి ఊడుతుంది పిన్నీ?"

"నలభై ఏళ్ళు."

"ఈలోపల నాకే జబ్బో వచ్చి, ఎవరో ఇదే మందు రాసిస్తే?"

"వస్తే చెప్పేదాన్ని."

"నువ్వు లేకపోతే?"

ఆ మాటకి ఆవిడ చేతిలో కత్తి బల్లమీద పెట్టేసింది. నాకు కోపం ఆగలేదు, ఇన్నాళ్ళు మాచేత తిట్లు తింటూ ఎందుకు నోరు మూసుకున్నావని అరిచాను. ఉత్తరం మడతలు సరిచేస్తూ చెప్పింది.

"ఇప్పటిదాకా నాకొక సందు ఉంది అమ్మడూ. నాకు ఒక కాపీ పాడైంది. అక్కకి ఉందో లేదో ఎవరికీ తెలీదు. డాక్టరమ్మ కూడా ఉండొచ్చు, లేకపోవచ్చు, అక్కని పరీక్షించలేం కదా అంది. ఆ లేకపోవచ్చు అన్న మాటలోనే నేను బతుకుతున్నా. నీకు పరీక్ష చేస్తే, నీకూ ఉందని వస్తే, అది అక్క నుంచి వచ్చినట్టే. ఇక నాకు సందు లేదు. నేనే గడ్డం పట్టుకుని మింగించాను. తల ఊపుతున్నా వినలేదు."

నేను గోడవైపు చూశాను. అట్టముక్క ఎప్పుడో తీసేశాం, మేకు మాత్రం ఉంది.

"టిక్కులు పెట్టింది నేను," అన్నాను. "ఇరవై టిక్కులు. ఒక్కటి కూడా ఖాళీ పోకూడదని చూసుకున్నాను. గళ్ళు నిండుతుంటే ముచ్చటగా ఉండేది కూడా."

"నువ్వు చిన్నపిల్లవి."

"పందొమ్మిదేళ్ళు."

ఇద్దరం ఒకరినొకరం ఓదార్చుకోలేదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి బల్ల మీద ఉత్తరం, పక్కన అట్ట చీల్చిన పుస్తకం. ఆయన నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. తర్వాత పిన్ని వంక చూడకుండానే అన్నాడు:

"ఏడో రోజు పొద్దున మీ అక్క నన్నడిగింది. ఆపేయమని మా చెల్లికి చెప్పండి, నా మాట వినట్లేదు అని. నేను డ్యూటీకి ఆలస్యమవుతోందన్నాను. ఇంకో వారమే కదా, ఓర్చుకో అన్నాను. నీతో ఆ మాట చెప్పలేదు. ఇన్నేళ్ళూ చెప్పలేదు."

పిన్ని తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో క్షమించడం ఉందో కోపం ఉందో నేను చెప్పలేను. "చెప్పుంటే ఆపేదాన్ని బావా," అంది. అంతే అంది. నిజం చెప్పింది. ఆ సాయంత్రం ముగ్గురం ఒకే ఇంట్లో మూడు చోట్ల కూర్చున్నాం, ఎవరూ లైటు వెయ్యలేదు.

పరీక్ష చేయించుకోవాలా వద్దా అని నేను నాలుగు రోజులు ఆలోచించాను. చేయించుకోకపోతే పిన్నికి ఆ సందు మిగులుతుంది. ఐదో రోజు పొద్దున పిన్నే నా చెప్పులు తీసి గుమ్మంలో పెట్టింది. "పద. ఆలస్యమైతే వరస పెరుగుతుంది," అంది. పగిలిన కాళ్ళతో నాతో వచ్చింది. వస్తానని నాన్న కూడా తయారయ్యాడు. ఆయన రక్తం కూడా ఇచ్చాడు.

పన్నెండో రోజున ఫలితాలు. నాన్నకి ఏమీ లేదు. నాకు ఒక కాపీ పాడైంది.

అంటే అమ్మ నుంచే. డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టి, మెల్లగా చెప్పారు. అమ్మకి ఒకటి పాడైందో రెండూ పాడయ్యాయో చెప్పలేం, జరిగింది చూస్తే రెండూ అయ్యుండొచ్చు. "మీరు కాగితంలో రాసినట్టే చేశారు. తప్పు ఆ కాగితానిది, అది ఇచ్చినవాళ్ళది. నోరు పొక్కితే ఆపి రమ్మని అందులో ఉండాలి," అన్నారు పిన్నితో. పిన్ని అంతా విని, "అవునండీ," అంది. ఆ అవును అనడం నాకు తెలుసు. షాపులో యజమాని ఏదైనా చెబితే అలాగే అనేది, లోపల ఒప్పుకోనప్పుడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "అయితే నిజమే," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుందామనుకున్నాను, పట్టుకుంటే పగుళ్ళు నొప్పెడతాయని ఊరుకున్నాను.

ఇక్కడితో ఆవిడ గుండె బరువు దిగిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ దిగలేదు. ఆరు నెలల కీమో పూర్తయింది. చేతులు నయమయ్యాయి, వేళ్ళకి గీతలు మళ్ళీ వచ్చాయి, తిరిగి బల్ల దగ్గర కూర్చుంది. కీమో అయిపోయిన రెండో నెలలో మా ఇల్లు వదిలి, షాపుకి రెండు వీధుల అవతల ఒక గది తీసుకుంది. నాన్న అడ్డు చెప్పలేదు. ఆయనే పెట్టె మోశాడు. వాళ్ళిద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటారు, ఒకరికొకరు జబ్బు చేస్తే వెళ్తారు. వెనకటి వేళాకోళం మాత్రం పోయింది. ఆయన ఆవిడని దబ్బనం అని మళ్ళీ పిలవలేదు.

ఇప్పటికి మూడేళ్ళు. స్కానుల్లో ఏమీ లేదు. నా పర్సులో ఒక కార్డు ఉంటుంది, ఏ మందు ఏ మోతాదులో ఇవ్వకూడదో రాసి. మందుల సారే రాసిచ్చాడు.

పోయిన సంవత్సరం బైండింగ్ షాపు యజమాని తమ్ముడికి పేగు క్యాన్సర్ అని తెలిసింది. మాత్రలు మొదలుపెడుతున్నారని యజమాని మాటల్లో అన్నాడు. పిన్ని చేతిలోని పుస్తకం పక్కన పెట్టి, అందరి ముందూ మొదటినుంచీ చెప్పింది. అక్క సంగతి, గడ్డం పట్టుకున్న సంగతి, ఏదీ దాచలేదు. కటింగ్ మిషన్ మనిషి మిషన్ ఆపేశాడట. ముందు పరీక్ష చేయించండి అని చెప్పి, ఎక్కడ, ఎవరినడగాలో కాగితం మీద రాసిచ్చింది.

ఆ తమ్ముడికి పరీక్షలో ఏమీ రాలేదు. పూర్తి మోతాదే ఇచ్చారు. దీనిలో కనపడని తేడాలు కూడా ఉంటాయి, నోరు పొక్కితే వెంటనే ఫోన్ చెయ్యండని చెప్పి పంపారట. అతను బాగానే ఉన్నాడు.

పిన్ని ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు ఈ సంగతి చెప్పింది, కూరగాయలు తరుగుతూ.

"చెప్పాక తేలిగ్గా అనిపించిందా?" అన్నాను.

"లేదు," అంది. "రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ ఇంకెవరైనా అడిగితే మళ్ళీ చెబుతా."

తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, పొయ్యి వెలిగించమంది.